మొదటి ప్యాకెట్‌లో వచ్చిన రెండు నేలలు

నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. ఆదివారాలు మా చర్చి సంఘంలో పెద్దవాళ్ళకి వాక్య తరగతి చెబుతాను. శనివారం మధ్యాహ్నాలు మాత్రం మంత్రగాళ్ళు, రెక్కల పాములు, నీటి రాక్షసులు ఉండే ఒక కార్డుల ఆట ఆడతాను. ఈ మూడింటిలో నాకు కాస్త పేరు తెచ్చిపెట్టింది మూడోదే. అదీ ఆడి కాదు, రాసి. ఆటలో నేను ఎక్కువగా ఓడిపోయే రకం. కానీ ఆ ఆటకి కొత్త సెట్ వచ్చినప్పుడల్లా అందులో ఉన్న నేల కార్డులు ఏవి మంచివో, ఏవి దండగో తేల్చి మా ఫోన్ గ్రూపులో ఒక వ్యాసం పెడతాను. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం ఆటగాళ్ళు ఆ గ్రూపులో ఉన్నారు. వాళ్ళలో సగానికి పైగా నా కొడుకుల, కూతుళ్ళ వయసు వాళ్ళు. అందరూ నన్ను సార్ అంటారు. నాకు ఆ మాట చాలా ఇష్టం, అసలు గొడవంతా అక్కడి నుంచే వచ్చింది.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి కట్ట వాళ్ళదే, ఇంటి దగ్గర ఏరి కూర్చుకుని తెచ్చుకున్నది. కట్టలో వీరులు, మృగాలు, మంత్రాలు ఉంటాయి. వాటిని బల్ల మీదికి దించాలంటే శక్తి కావాలి. ఆ శక్తి నేల కార్డుల నుంచి వస్తుంది. వంతుకి ఒక నేల చొప్పున పరుచుకుంటాం. అడవి నేల పచ్చ శక్తి ఇస్తుంది, నది నేల నీలం శక్తి ఇస్తుంది, అలాగన్నమాట. వాడిన నేలని అడ్డంగా తిప్పి పెడతాం, మళ్ళీ మన వంతు వచ్చాక నిలువుగా సర్దుకుంటాం. నేలలు పడకపోతే చేతినిండా మహా సైన్యం పట్టుకుని ఒక్క సిపాయిని కూడా దించలేక, అవతలివాడు చంపేదాకా చూస్తూ కూర్చోవాలి. ఆటంటే ఇంతేనా అని మా బామ్మర్ది కొట్టినంత పని చేస్తాడు గానీ, నాకు తెలిసింది ఇంతే.

రెక్కల పాముల గురించి రాయడానికి అందరూ ముందుకొస్తారు. నేలల గురించి ఎవరూ రాయరు. ఏ ఆయకట్టుకి ఏ రోజు నీళ్ళు వదలాలి అనే ఫైళ్ళ మధ్య ఇరవై రెండేళ్ళు గడిపిన మనిషి ఒకడు గ్రూపులో ఉన్నాడు కాబట్టి నేలలు నాకు వదిలేశారు. నేను వాటి మీద ప్రసంగం చేసినట్టు రాసేవాణ్ణి. ముందు కార్డు మీద ఉన్న మాటలు, తర్వాత వాటి భావం, చివర మన జీవితానికి అన్వయం. ఒకసారి అలవాటులో చివర ఆమెన్ అని కూడా టైపు చేసి పంపేశాను. ఇరవైమంది కింద ఆమెన్ పెట్టారు. వాళ్ళు ఎగతాళికి పెట్టారని నాకు రెండు రోజుల తర్వాత మా బామ్మర్ది చెబితే తెలిసింది.

ఈ ఆట నాకు అంటించింది అతనే. మా ఆవిడకి తమ్ముడు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. నన్ను ఎప్పుడూ మీరు అనే అంటాడు, మాట మాటకీ అండి తగిలిస్తాడు, అంత మర్యాదగా ఉంటూనే నా పరువు తీస్తాడు. చనిపోయినవాళ్ళని లేపే కార్డులు, నరబలి అడిగే కార్డులు నేను కట్టలో పెట్టుకోను, మనస్సాక్షి ఒప్పుకోదు. "మా బావగారి కట్ట చూడనక్కర్లేదండి, అందులో ఏవి ఉండవో ఊరంతటికీ తెలుసు" అని అతను కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తాడు. అవతలివాళ్ళు దాన్ని బట్టి సిద్ధపడి వస్తారు. విశ్వాసం కోసం నేను పడిన శ్రమలు ఏవైనా ఉంటే ఇవే.

అతనికి ఆట వేరు. కాకినాడలో వాళ్ళు ఆడుకునే షాపువాళ్ళు ఏడాదికోసారి నలుగురిని ఎంచి విశాఖపట్నం పోటీకి పంపుతారు. ఆ నలుగురిలో ఒకడు కావాలని అతనికి కోరిక. మూడేళ్ళుగా ప్రతిసారీ ఆఖరి ఆటలో పోతోంది. బళ్ళో కబడ్డీ జట్టులోనూ, ఫ్యాక్టరీ క్రికెట్ జట్టులోనూ అతని పేరు ఎప్పుడూ ఎవరైనా రాకపోతే పిలిచే చోట ఉండేదట. అలా అని అతను నాతో ఎప్పుడూ అనలేదు, మా ఆవిడ చెప్పింది. నిరుడు మాత్రం ఎంపికకి రెండు నెలల ముందు నుంచి రాత్రి షిఫ్టులు అడిగి వేయించుకుని, పగలంతా సాధన చేశాడు. శనివారాలు మా ఇంటికొచ్చి నాతో ఆడేవాడు. నన్ను ఓడించడం సాధన కిందికి రాదు, అయినా వచ్చేది ఎందుకంటే నేలల విషయంలో నా మాట మీద అతనికి గురి.

ఇక మొక్కు సంగతి. మా అమ్మ ప్రతిదాంట్లోనూ మొదటిది దేవుడిదే అనేది. మొదటి మునగకాయ, మొదటి గుడ్డు, పాదుకి కాసిన మొదటి సొరకాయ కోతపండుగ దాకా ఆగితే ఆగినట్టు, లేకపోతే ఆ ఆదివారమే గుడికి వెళ్ళిపోయేవి. మాకు పొలం లేదు. జీతగాడు ప్రథమ ఫలం ఏం తెస్తాడు అని నేను చాలాకాలం ఆలోచించి, ఈ ఆటలో పడ్డాక ఒక మొక్కు పెట్టుకున్నాను. కొత్త సెట్ బాక్సు కొన్నప్పుడు మొదట విప్పిన ప్యాకెట్‌లో ఏది మేలైన కార్డో అది దేవుడికి. దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కోతపండుగకి తీసుకెళ్తాను. మా సంఘంలో కోతపండుగ రోజు ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు అన్నీ వేలం వేస్తారు. వాటి పక్కన నా కార్డు. మొదటి ఏడాది మా పాస్టరు అయ్యగారు దాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, దీని మీద కొమ్ములున్నవి ఏమీ లేవు కదండీ అని ఒక్కటే అడిగారు. లేవన్నాను. సరే పెట్టండి అన్నారు.

మా పాస్టరుగారితో నెగ్గిన ఆ మొక్కు నాతోనే ఓడింది.

నిరుడు బాక్సు నేనూ మా బామ్మర్దీ చెరిసగం వేసుకుని కొన్నాం. నా సగంలో మొదటి ప్యాకెట్ విప్పాను. మామూలుగా ఒక ప్యాకెట్‌లో మేలైన కార్డు ఒకటే ఉంటుంది, వెతుక్కునే పని ఉండదు. ఆ రోజు రెండు వచ్చాయి, రెండూ నేలలే. నా పాతికేళ్ళ వాక్య పరిచయంలో నాకు ఇంత సూటిగా ఎదురైన శోధన ఇంకోటి లేదు.

మొదటిది రెండు పాయల నది. దాని మీద బొమ్మ చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. పెద్ద నది ఒకటి వచ్చి రెండుగా చీలుతుంది. మధ్యలో ఇసుక తిప్ప, దాని మీద కొబ్బరిచెట్లలాంటివేవో. ఆ చిత్రకారుడు ఏ దేశంవాడో గానీ మా బ్యారేజీ మీద నిలబడి గీసినట్టుంది. ఆ కార్డు నీలం శక్తీ ఇస్తుంది, పచ్చ శక్తీ ఇస్తుంది, ఏది కావాలంటే అది. లోటు ఒక్కటే. పరిచిన వంతులో అడ్డంగానే వచ్చి పడుకుంటుంది. తర్వాతి వంతు దాకా పనికిరాదు.

రెండోది బీడు నేల. రాళ్ళు, తుప్పలు, ఎండిపోయిన గట్టు. జంగారెడ్డిగూడెం అవతల వేసవిలో బస్సు కిటికీలోంచి కనిపించేలాంటిది. ఏ రంగూ లేని ఉత్త శక్తి ఇస్తుంది. అయితే పరిచిన వంతులోనే పని చేస్తుంది. ఆట చివరికొచ్చి నేలలతో ఇక పనిలేదు అనిపించినప్పుడు, దాన్ని వదులుకుంటే రెండు కొత్త కార్డులు చేతిలోకి తీసుకోవచ్చు.

నాకు ఏ అనుమానమూ లేదు. పాయల నదే మేలు. డెల్టాలో పుట్టినవాడికి నేలంటే తడి నేలే. ఒక వంతు ఆగాలి అంటే ఏమైంది, మా కాలువల కింద రైతు ఏనాడు ఆగలేదు, నీళ్ళు వంతుల మీదే కదా వస్తాయి. ఆలస్యమైనా వస్తాయి. బీడు నేలని చూస్తే జాలేసింది తప్ప ఆశ పుట్టలేదు. కాబట్టి మొక్కు ప్రకారం పాయల నది దేవుడిది, బీడు నేల నాది.

ఆ సాయంత్రమంతా పాయల నదిని బల్ల మీద పెట్టుకుని చూశాను. తర్వాత రెండు కార్డుల మీదా ఉన్న మాటలు మళ్ళీ చదివాను. మూడోసారి చదివేసరికి బీడు నేలలో లోతులు కనిపించడం మొదలైంది. తనను తాను వదులుకునే నేల. రూపం లేదు, సొగసు లేదు, చూసేవాడు ఆశపడేలా ఏమీ లేదు. కానీ తాను పోయి ఇతరులకి రెండింతలు ఇస్తుంది. ఇది ఎంత ఆత్మీయమైన కార్డు. నేను ఆ వారం రాసిన వ్యాసంలో బీడు నేల మీద ఆరు పేరాలు ఉన్నాయి. పాయల నది మీద రెండు వాక్యాలు. చూడ్డానికి బావుంటుంది, తొందరపడి మోసపోవద్దు. తీర్పు ప్రకారం ఈ సెట్‌లో మేలైన నేల బీడు నేల. మేలైనది దేవుడికి. పాయల నది మిగిలిపోయింది, పాపం, నాకు.

పనికిరాని పశువుని బలిపీఠం దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళని ప్రవక్త గద్దించిన భాగం నేను తరగతిలో రెండుసార్లు చెప్పాను. కానీ వాళ్ళలో ఎవరూ ముందుగా ఆ కుంటి గొర్రెని పొగుడుతూ వ్యాసం రాయలేదు. ఆ మెరుగు నాది.

మా బామ్మర్ది వ్యాసం చదివి శనివారం వచ్చాడు. అతని సగం బాక్సులో పాయల నదులు మూడు వచ్చాయట, బీడు నేల ఒకటి. నా మిగతా ప్యాకెట్లలో బీడు నేలలు ఇంకో రెండు వచ్చాయి. మార్చుకుందామా బావగారూ అన్నాడు. వద్దనడానికి నాకు ఒకే దారి ఉంది, నిజం చెప్పడం. నేను చెప్పలేదు. నా రెండు బీడు నేలలు అతనికి వెళ్ళాయి, అతని మూడు పాయల నదులు నాకొచ్చాయి. రెండుకి మూడు ఇచ్చినా తనకే లాభం అన్నట్టు మొహం పెట్టాడు. మీరు నష్టపోతున్నారేమో చూసుకోండి అని కూడా అన్నాడు. కుటుంబంలో ఇలాంటివి చూసుకోకూడదు అని నేను పెద్దరికంగా చెప్పాను.

కట్టలో ఒక కార్డు నాలుగుకి మించి పెట్టుకోకూడదు. అతని దగ్గర బీడు నేలలు మూడయ్యాయి. నాలుగోది దేవుడి దగ్గర ఉంది.

కోతపండుగకి అతను కాకినాడ నుంచి వచ్చాడు. వేలం వేసేది మా సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. ఒక గుమ్మడికాయ అయ్యాక, ఒక పుంజుకి ముందు నా కార్డుని పైకెత్తి, ఇదేంటండి అని మైకులోనే నన్నడిగారు.

"నేలండి" అన్నాను.

"ఎన్ని సెంట్లండి?"

జనం నవ్వడం ఆగాక, ఎక్కడుందండి, రోడ్డు పాయింటేనా అని ఇంకెవరో వెనక నుంచి అడిగారు. హెడ్మాస్టరుగారు అందర్నీ కూర్చోమని, మన సహోదరుడు ఏడాదికోసారి తన కష్టార్జితంలో మేలైనది తెస్తున్నాడు, మనం తక్కువ చెయ్యకూడదు అని నా గురించి నాలుగు మంచిమాటలు చెప్పి వేలం పాట మొదలుపెట్టారు.

రెండో వరుసలో ఒక అవ్వ ఉంది. దేవుడి పేరు మీద పెట్టిన ఏ వస్తువూ చవగ్గా పోకూడదని ఆవిడ పట్టుదల. ప్రతి ఏడాదీ నా కార్డు ఆవిడే పాడుకుని, ఇంటికెళ్ళి గోడ క్యాలెండరు వెనక దోపుకుంటుంది. ఆ రోజు ఆవిడకి పోటీగా మా బామ్మర్ది లేచాడు. ఆవిడ పెంచితే అతను పెంచాడు. ఆవిడకి ఎందుకో తెలియదు, అతనికి మాత్రం తెలుసు, నా వ్యాసం చదివాడు కదా. కార్డు గుమ్మడికాయ ధర దాటింది, పుంజు ధర దాటింది, అరటిగెలలు రెండూ కలిపిన ధరా దాటింది. నా అబద్ధం నా కళ్ళ ముందు, గుడిలో, పాట పాటకీ పెరుగుతోంది. నేను తల వంచుకుని ఉన్నాను. వినయం అనుకుని పక్కాయన నా భుజం తట్టాడు. ఆఖరికి అవ్వ, పోనీలే నాయనా, నీకంత ఆశగా ఉంటే తీసుకో అని కూర్చుంది. మా బామ్మర్ది ఆ కార్డుని జేబులో పెట్టుకుని నాకేసి చూసి, సాధించాం అన్నట్టు తల ఊపాడు.

మా ఆవిడకి ఆట రాదు, నేర్చుకోనని ఒట్టు పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, తమ్ముడు చెయ్యి కడుక్కోడానికి లేచినప్పుడు నెమ్మదిగా అంది.

"మంచి కార్డు ఇచ్చేసిన ఏడు మీరు రెండు రోజులు అన్నం సరిగ్గా తినరండి. ఇవాళ రెండుసార్లు పులుసు వేయించుకున్నారు."

నేను పులుసు కలుపుకుంటున్నాను. "వాడు అది పట్టుకుని ఎంపికకి వెళ్తున్నాడు. ముందే వాడికి చెప్పండి" అని, మజ్జిగ కూడా వెయ్యమంటారా అంది.

చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. రోజూ ప్రార్థనలో ఒప్పుకునేవాణ్ణి. దేవుడితో ఒప్పుకోవడంలో నాకు మంచి అలవాటుంది, ఆయన తిరిగి మొహం మీద అడగడు. బామ్మర్దితో ఒప్పుకోవడమే కష్టం. ప్రతి శనివారం వచ్చి నాలుగు బీడు నేలలతో ఆడేవాడు, నన్ను ఓడించేవాడు, బాగానే నడుస్తోందండీ మీరు చెప్పింది అనేవాడు. నేను ఓడిపోవడం మామూలే కాబట్టి ఆ మాట నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఎంపిక శనివారం. అంతకుముందు రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ఇద్దరం కాకినాడ బస్సెక్కాం. కడియం నర్సరీలు దాటేదాకా కాలువకేసి చూస్తూ కూర్చున్నాను. జేబులో నాలుగు పాయల నదులు ఉన్నాయి, తొడుగులతో సహా. ద్వారపూడి వస్తోందనగా నోరు విప్పాను. మొత్తం చెప్పాను. మొక్కు, రెండు నేలలు, బొమ్మ, ఆరు పేరాలు, మార్పిడి, వేలం. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఎంత తేలికపడ్డానంటే, ఆఖర్న నా గొంతు తరగతిలో పాఠం ముగించే గొంతులా అయిపోయింది.

"కాబట్టి అసలు మేలైన నేల పాయల నదే. ఇంకా మించిపోలేదు. ఇవిగో నాలుగు. ఆ బీడువి తీసేసి ఇవి పెట్టుకో" అన్నాను.

అతను నాలుగు పాయల నదులూ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"ఇదైతే నిజమేనా అండి?"

"దేవుని సాక్షిగా నిజం."

"మూడు వారాలు ఆడానండి. బాగానే ఉందే మరి."

"నాతో ఆడావు. నాతో ఏదైనా బాగానే ఉంటుంది."

దానికి అతను నవ్వాడు. నన్ను తిట్టలేదు. కోపం వచ్చినట్టు కూడా లేదు. బస్సులోనే ఒళ్ళో కట్ట విప్పి, బీడు నేలలు నాలుగూ తీసి నా చేతిలో పెట్టి, పాయల నదులు దూర్చుకున్నాడు. మూడు వారాలు తన కళ్ళతో తను చూసింది ఒకటి, అబద్ధికుణ్ణని ఇప్పుడే ఒప్పుకున్న మనిషి చెప్పింది ఇంకొకటి. నన్నే నమ్మాడు. ఒప్పుకున్నవాడు ఇక అబద్ధం ఆడడని అనుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నాను. అబద్ధం ఆడకపోయినా తప్పు చెప్పొచ్చని నాకు అప్పుడు తట్టలేదు.

షాపులో ఎవరి కట్టలో ఏమున్నాయో కాగితం మీద రాసి ఇచ్చాక ఇక మార్చడానికి లేదు. రాసి ఇచ్చాడు. మొదటి రెండు ఆటలూ గెలిచాడు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఆ గెలుపులు నా పశ్చాత్తాపానికి వచ్చిన ఫలం అనుకున్నాను. మూడోది ఓడిపోయాడు. నాలుగో ఆట గెలిస్తే జట్టులో చోటు. అవతల ఒక అమ్మాయి, ఫార్మసీ చదువుతోందట, రెండు జడలు, మాట తక్కువ. చకచకా ఆడింది. మొదటి వంతు నుంచే చిన్న చిన్న మృగాల్ని దించి కొరికించడం మొదలుపెట్టింది. మా బామ్మర్ది పాయల నది పరిచాడు. అది అడ్డంగా పడుకుంది. రెండోదీ అడ్డంగానే పడుకుంది. మా కాలువ కింద రైతు ఎందుకు ఆగగలడో నాకు అప్పుడు అర్థమైంది, అతన్ని ఎవరూ కొరకడం లేదు.

అయినా అతను తట్టుకున్నాడు. పెద్ద రాక్షసుణ్ణి దించి ఆ అమ్మాయి మృగాల్ని ఆపేశాడు. ఆట చివరికొచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ కార్డులు అయిపోయాయి. ఇంకొక్క వంతు నిలబడితే మా బామ్మర్ది గెలుస్తాడు. కార్డు తీశాడు, నేల వచ్చింది, పాయల నది. తీసుకుని ఏం చేసుకుంటాడు, పరిచాడు, అడ్డంగా. ఆ అమ్మాయి తన బల్ల మీద నేలల్లోంచి రాళ్ళూ తుప్పలూ ఉన్న కార్డు ఒకటి వేలితో ముందుకి జరిపింది. బీడు నేల. దాన్ని వదులుకుని రెండు కార్డులు తీసుకుంది. రెండోది నిప్పు మంత్రం. అయిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి లేచి, మా బామ్మర్దికి నమస్కారం పెట్టి, వెనక ఉన్న నన్ను గుర్తుపట్టింది.

"సార్, మీ వ్యాసం చదివే పెట్టానండి నాలుగూ. చాలా థ్యాంక్సండి" అంది.

నేను సంతోషం అన్నాను. శపించడానికి కొండెక్కి నోరు తెరిస్తే దీవెనలు వచ్చిన ప్రవక్త ఒకడు బైబిల్లో ఉన్నాడు. ఆయనకైనా దారిలో ఒక గాడిద ముందుగా చెప్పి చూసింది. మా ఇంట్లో మా ఆవిడ చెప్పింది నిజమే గానీ, తమ్ముడికి నిజం చెప్పమంది, సలహా చెప్పమనలేదు.

బయట టీ కొట్టు దగ్గర మా బామ్మర్ది గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చల్లారేదాకా నిలబడ్డాడు. నేను తప్పైపోయింది అన్నాను. అతను మర్యాద తప్పే రకం కాదని మీకు చెప్పాను కదా, ఆ రోజు కూడా తప్పలేదు.

"అబద్ధం చెప్పినప్పుడే బాగా చెప్పారండి బావగారు. ఆరు పేరాలు, అన్నీ నిజమే" అన్నాడు. టీ ఒక గుక్క తాగి, "పోనీ ఒప్పుకోవడం వరకు ఒప్పుకుని ఊరుకోవాల్సిందండి. ఏది పెట్టుకోవాలో కూడా మీరే చెప్పారు" అన్నాడు.

బస్టాండు దాకా నాతో వచ్చి, పాయల నదులు నాలుగూ నా జేబులో పెట్టి, నన్ను బస్సెక్కించి వెళ్ళాడు. ఆ తర్వాత నాలుగు శనివారాలు రాలేదు. అక్కకి ఫోన్ చేసేవాడు, బావగారిని అడిగానని చెప్పమనేవాడట.

నా మొక్కు సంగతి తేలలేదు కదా. తక్కువదని మనసులో అనుకుని దేవుడికిచ్చాను, తీరా చూస్తే అదే మేలైనది. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా. ఇలాంటి చిక్కుముళ్ళంటే నాకు ఆకలి, అయ్యగారి దగ్గరికి వెళ్ళి లేఖనాలతో సహా అరగంట చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"దేవుడి వాటా ఆయనకి ముట్టిందండి, మీరు వద్దనుకున్నా ముట్టింది. దాని గురించి మీరు ఇంత ఆలోచిస్తున్నారు. మీ బామ్మర్ది వాటా గురించి ఏం ఆలోచించారు?" అని అడిగారు.

ఆ వారం గ్రూపులో నేను చిన్న వ్యాసం రాశాను. భావం లేదు, అన్వయం లేదు. బీడు నేల వ్యాసం ఎందుకు రాశానో, ఎవరి కార్డులు ఎలా నా దగ్గరికొచ్చాయో, బస్సులో ఏం చేశానో, దాంతో ఎవరి చోటు పోయిందో రాశాను. ఎవరూ ఆమెన్ పెట్టలేదు. ఆ ఫార్మసీ అమ్మాయి మాత్రం, సార్ నాకు తెలియదండి, అని పెట్టింది. తన తప్పు కాదని రాశాను. విశాఖపట్నంలో జట్టు రెండో రోజు దాకా నిలిచిందని తర్వాత తెలిసింది. నేను మా బామ్మర్దికి నాలుగు బీడు నేలలూ, మూడు పాయల నదులూ కవర్లో పెట్టి మా ఆవిడ చేత పంపాను. అతను తీసుకున్నాడు, కవరు తిప్పి పంపలేదు. దాన్నే నేను పెద్ద మాటగా పట్టుకుని ఉన్నాను.

అయిదో శనివారం మధ్యాహ్నం మేం అన్నాలు తినే వేళకి వచ్చాడు. అక్కతో చాలాసేపు ఫ్యాక్టరీ కబుర్లు చెప్పాడు. తర్వాత నా ఎదురుగా కుర్చీ లాక్కుని, ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. కొత్త సెట్ కార్డులు ముందుగా చూపిస్తున్నారు, అందులో నేలలు అయిదు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదవబోయాను. ఆగమన్నాడు.

"చదవకండి. ముందు మీకేది కావాలో చెప్పండి."

"అంటే?"

"బొమ్మ చూసి చెప్పండి. మీ ప్రాణం దేని మీదికి పోతోందో అది. తర్వాత ఏది మంచిదో మీ అభిప్రాయం చెప్పండి. తీర్పు నేను చెప్పుకుంటాను. వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే మొదలెడుతున్నానండి."

అయిదు బొమ్మలూ చూశాను. నాలుగోదాంట్లో తెల్లారుతున్న సముద్రం, ఒడ్డున పడవలు, వలలు ఆరేసి ఉన్నాయి. దాని మీద వేలు పెట్టాను. సిగ్గేసింది, ఏభైకి దగ్గరపడ్డ మనిషి అలా వేలు పెట్టి చూపించడం. అతను నవ్వకుండా ఫోన్లో ఏదో రాసుకున్నాడు.

"సరేనండి. ఇప్పుడు మంచిదేదో చెప్పండి."

నేను అయిదింటి మీదా ఉన్న మాటలన్నీ చదివాను, రెండుసార్లు చదివాను. తెలియడం లేదన్నాను. తరగతిలో గానీ ఆఫీసులో గానీ గ్రూపులో గానీ నేను ఆ మాట అన్న జ్ఞాపకం లేదు. వంటింట్లో మా ఆవిడ గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

అతను సంచీలోంచి కార్డుల కట్ట తీసి కలపడం మొదలుపెట్టాడు. "అయితే ఆడి చూద్దాం రండి" అన్నాడు.